ఏది వదిలెయ్యాలి?

మా ఆయన నోటి నుంచి వచ్చే మాటల్లో సగం ఒకటే మాట. "వదిలెయ్." కాఫీలో చక్కెర తగ్గిందా అని అడిగితే వదిలెయ్. పక్క చేనువాడు మన గట్టు చెక్కేస్తున్నాడు, వెళ్లి అడగండి అంటే వదిలెయ్. పెళ్లిచూపుల నాడు "అమ్మాయిని ఏమైనా అడుగుతావా?" అని వాళ్ల పెద్దమ్మ అంటే అప్పుడూ అదే మాట అన్నారు. అణకువ అనుకుని మా వాళ్లు మురిసిపోయారు. "ఊరుకున్నంత ఉత్తమం లేదు, బోడిగుండంత సుఖం లేదు" అనేది వాళ్లింట్లో తరతరాల నుంచీ వస్తున్న సామెత. గుండు సంగతి నాకు తెలియదు. ఊరుకోవడం వల్ల ప్రాణం మీదికి రావడం మాత్రం కళ్లారా చూశాను.

నేను అందుకు పూర్తిగా తిరగేసిన మనిషిని. నా నోట్లో నువ్వుగింజ నానదు. నేను పది మాటలంటే ఆయన ఒకటంటారు, ఆ ఒక్కటీ ఇదే. ఇన్నేళ్ల కాపురం ఇలాగే గడిచింది.

మాది సింధనూరు నుంచి గోరేబాళ వైపు వెళ్లే దారిలో ఒక క్యాంపు, కన్నడ సీమకు వలస వచ్చిన తెలుగు రైతుల ఊరు. మా అత్తింటివాళ్లు కోస్తా నుంచి కాలువ వెంట వచ్చి ఇక్కడ వరి వేశారు. మావి దాదాపు చివరి పొలాలు. పైవాళ్లందరూ పెట్టుకోగా మిగిలిన నీళ్లు మా దాకా రావాలి. కాలువకూ మా చేనుకూ మధ్య రోడ్డు ఎత్తుగా ఉంటుంది. రోడ్డు కింద ఒక సిమెంటు తూము, మనిషి పాక్కుంటూ పోయేంత. అవతల, కాలువ గట్టు మీద, తూముకు షట్టరు. దాన్ని ఎత్తడానికి ఒక హ్యాండిల్. ఇవతల, మా చేను వైపు, తూము నోరు.

ఆ తూము మాకూ, పక్క ఊరి పెద్దాయనకూ ఉమ్మడి. ఆయనను మా క్యాంపులో అందరూ మామ అంటారు. ఆయనది ఇక్కడి పాత తెలుగు. మేము "వదులు" అనేదాన్ని ఆయన "ఇడువు" అంటాడు. కన్నడం వాళ్లు "బిడు" అంటారు. మూడు భాషల్లోనూ ఆ మాటకు ఒకటే బుద్ధి. నీళ్లు పారించమనడానికీ అదే, పట్టుకున్న చెయ్యి తియ్యమనడానికీ అదే, పోనీలే ఊరుకో అనడానికీ అదే. ఇంతకాలం దాన్ని వాడుతూ కూడా మేమెవరం ఈ సంగతి గమనించలేదు.

కిందటేడు వరి పొట్ట మీద ఉండగా మా వంతు నీళ్లు వచ్చాయి, తూములో మాత్రం పారలేదు. గుర్రపుడెక్క, ప్లాస్టిక్ సంచులు, ఒండ్రు కలిసి లోపల ఎక్కడో బిరడాలా బిగుసుకున్నాయి. పొట్ట మీద ఉన్న వరికి నీళ్లు తప్పితే అంతా తాలే. మామ షట్టరు దించేసి హ్యాండిల్ దగ్గర కూర్చున్నాడు. మా ఆయన నడుముకు తాడు కట్టుకుని, కొడవలి పట్టుకుని, ఇవతలి నోట్లోంచి లోపలికి పాకారు. తాడు రెండో కొస నా చేతిలో ఉంది.

కొంచెంసేపు కోస్తున్న చప్పుడు వినిపించింది. తర్వాత ఆగింది. నాకు ఊరుకోవడం చేతకాదు కదా, తూములోకి వంగి అరిచాను. "తెగడం లేదా? గడ్డపార ఇమ్మంటారా? పోనీ బయటికొచ్చి కాసేపు ఆగుతారా?"

లోపలి నుంచి విసుగ్గా వచ్చింది జవాబు. "వదిలెయ్!"

గడ్డపార వద్దంటున్నారని నాకు అర్థమైంది. నేను నిటారుగా నిలబడ్డాను. ఆ మాట మాత్రం నా దగ్గర ఆగలేదు. తూముకు రెండు నోళ్లు ఉంటాయి. అది రెండో వైపు కూడా వెళ్లింది. వంతు వచ్చిన ప్రతిసారీ మా క్యాంపు మగవాళ్లు రోడ్డు మీద నిలబడి మామను కేకేసే కేక అదే. "మామా, వదిలెయ్!" ఆ కేకకు ఆయన చెయ్యి దానంతటదే హ్యాండిల్ మీదికి పోతుంది. ఈసారీ పోయింది.

ముందు నాకు చప్పుడే తెలిసింది. బుస కొడుతున్నట్టు ఒక చప్పుడు. తర్వాత తూము నోట్లోంచి సన్నగా, నల్లగా నీళ్లు నా పాదాల మీదికి వచ్చాయి. ఆయన కేకేశారు, అందులో మాట లేదు. నేను తాడు లాగాను. "మామా ఆపు, ఆపు" అని అరుస్తూనే లాగాను. రోడ్డు గట్టు అడ్డం, అవతల షట్టరు దగ్గర నీటి హోరు. నా గొంతు మామకు చేరలేదు. వెళ్లి చెబుదామంటే తాడు వదలాలి.

ముందు ఆయన కాళ్లు కనిపించాయి. తర్వాత నడుము. తల బయటపడి నేను ఆయనను గట్టు పక్కకు లాగేసరికి లోపల బిరడా తెగింది. గుర్రపుడెక్క ముద్ద, దాని వెనక నీళ్లు, ఒక్కసారిగా తూము నోరు నిండా వచ్చిపడ్డాయి. మేము తిట్టుకుంటూ తొలగించబోయిన ఆ చెత్తే అంతసేపూ నీళ్లను ఆపి ఉంచింది. లేకపోతే ఇవాళ నేను ఇది రాసేదాన్ని కాదు.

మామ నవ్వుకుంటూ రోడ్డెక్కాడు. "ఏందమ్మా, నీళ్లు మంచిగ వచ్చినయా?"

మట్టిలో కూర్చుని దగ్గుతున్న మా ఆయనను చూశాక మామ మొహం మారింది. రోడ్డు మీదే చతికిలబడ్డాడు. "నేనేం జేసిన బిడ్డా? వదిలెయ్ అన్నడు గద. నా చెవులతోని విన్న. గిట్ల లోపల ఉండి వదిలెయ్ అంటడని నాకేం ఎర్క?" అంటూ తల కొట్టుకున్నాడు.

అప్పుడు మా ఆయన, ఒంటి నిండా ఒండ్రుతో, మోచేతుల నుంచి నెత్తురు కారుతూ, మామను ఓదార్చడానికి ఏమన్నారో చెప్పండి. "వదిలెయ్ మామా," అన్నారు.

నాకు ఒళ్లు మండిపోయింది. ఆయన పిడికిట్లో ఇంకా ఉన్న కొడవలి లాక్కుని చేలోకి విసిరేశాను. "ఆ మాట ఇంకోసారి మీ నోటి నుంచి వస్తే చూడండి" అన్నాను. అని, ఏడ్చాను. మామ ఎదురుగానే ఏడ్చాను.

ఆ మర్నాటి నుంచి మా ఇంట్లో బడి మొదలైంది. మేస్టారిని నేనే. ఆయన "వదిలెయ్" అన్నప్పుడల్లా నేను చేస్తున్న పని ఆపి ఒకే ప్రశ్న అడిగేదాన్ని. "ఏది వదిలెయ్యాలి?" పూర్తి వాక్యం చెప్పేదాకా గరిట కదిలేది కాదు. మొదట్లో ఆయన నీళ్లు నమిలేవారు. తర్వాత అసలు మాట్లాడటమే మానేశారు. "మాట్లాడినా తప్పే, మాట్లాడకపోయినా తప్పే" అని ఒక్కసారి గొణిగి, కంచం ముందు నుంచి లేచిపోయారు. ఆ రాత్రి నేనూ తినలేదు. వడ్ల మిల్లు దగ్గర ఆయన స్నేహితులు "ఏం బావా, ఈ వయసులో మాటలు నేర్చుకుంటున్నావంట, పలక కొనిపెట్టమంటావా?" అని ఆటపట్టించారు. ఇంటికొచ్చి చెప్పులు విసిరికొట్టారు. పరువు పోయిందని ఆయన బాధ. మనిషి పోతాడని నా భయం. రెండింటిలో ఏది పెద్దదో ఆయనకు ఎలా చెప్పాలో తెలియక నేను ఇంకా గట్టిగా అరిచేదాన్ని.

అరుపుల వల్ల ఏమీ రాలేదు. మార్పు వచ్చింది ఒక చిన్న సంగతి వల్ల. ఒకనాడు నేను వరసగా అడిగాను: అన్నం పెట్టనా, పెరుగు కొత్తది తియ్యనా, మధ్యాహ్నం సింధనూరు వెళ్తారా? "వదిలెయ్" అన్నారు. ఏది వదిలెయ్యాలి అని నేను మొదలుపెట్టబోతే, ఆయన నెమ్మదిగా అన్నారు. "నువ్వు మూడు అడిగావు. నేను దేనికి చెప్పాలి?"

నేను గరిట కింద పెట్టాను. ఆ రోజు నుంచి నేను ఒకటి అడిగి ఆగడం, ఆయన ఒకటి పూర్తిగా చెప్పడం. ఆగడం ఎంత కష్టమో నాకు అప్పుడు తెలిసింది. ఆయన వాక్యం పేర్చుకునే లోపల నా నాలుక దురద పెట్టేది. పెదవి కొరుక్కునేదాన్ని. "పెరుగు పాతదే వెయ్" అని ఆయన అనేసరికి గెలిచినట్టు ఉండేది.

కాలువ కట్టేసిన రోజుల్లో తూము పొడిగా ఉన్నప్పుడు మామను పిలిచాం. నీళ్లు లేకుండా అదే పని చేసి చూద్దామన్నాను. మా ఆయన తూము లోపల, మామ అవతల, నేను ఇవతల. దారిన పోయేవాళ్లు బండ్లు ఆపి చూశారు. మామకు సిగ్గు. "ఊరోళ్లంత పిచ్చి లేసిందంటరు బిడ్డా" అన్నాడు, అయినా కూర్చున్నాడు.

మా ఆయన లోపలి నుంచి చక్కగా, పూర్తిగా అన్నారు. "మామా, నీళ్లు వదలొద్దు."

అవతలి నుంచి మామ గొంతు. "ఆ, ఇడుస్తున్న!" హ్యాండిల్ కిర్రుమంది.

తూములో నీళ్లు లేవని తెలుసు. కాలువలోనే లేవు. అయినా నా చేతులు తాడును ఎంత గట్టిగా బిగించాయంటే అరచేతులు కమిలాయి. ఆయన బయటికి పాకి వచ్చి, మొహం తెల్లబోయి నిలబడ్డారు. ఆయన తప్పేమీ లేదు, పూర్తిగానే చెప్పారు. మన భాషలో వద్దు అనేది చివర వస్తుంది. తూము మొదటి మాటలను పెద్దవి చేసి, తోకను మింగేస్తుంది. నీళ్లు, వదల, అంతే అవతలికి చేరింది. ప్రాణం నిలబెట్టే మాట ఆ తోకలోనే ఉంది.

మళ్లీ మొదలుపెట్టాం. వద్దు అనే మాట తీసేశాం. ఏం చెయ్యకూడదో కాదు, ఏం చెయ్యాలో చెప్పడం. "గేటు మూసే ఉంచు." అది తోక తెగినా బతికే వాక్యం. విన్నవాడు విన్నదాన్ని తిరిగి పైకి చెప్పాలి, ఆ తర్వాతే చెయ్యి కదలాలి. "ఆ" అంటే చాలదు. నీళ్లు పారించే మాట మాత్రం తూములోంచి రానేకూడదు, మా ఆయన రోడ్డు మీదికొచ్చి మామకు మొహం చూపించి చెప్పాలి. ఆ పొడి తూములో ఆయన ఎన్నిసార్లు పాకారో, మామ ఎన్నిసార్లు తిరిగి చెప్పాడో. ఒకసారి మామ విసిగి "నిఖాకు కూడ గిన్నిసార్లు ఖుబూల్ అనరు గదమ్మా" అన్నాడు. అందరం నవ్వాం. ఆ తూము దగ్గర మేము నవ్వింది ఆ ఒక్కసారే.

ఈ ఏడు మళ్లీ తూము పూడింది. మళ్లీ వరి పొట్ట మీద ఉన్నప్పుడే. కూలి మనిషిని పెడదామన్నాను. "మనకు భయమైన చోటికి ఇంకొకణ్ణి ఎలా పంపుతాను? నేనే దిగుతాను" అన్నారు. రెండు వాక్యాలు, రెండూ పూర్తిగా. వాదించడానికి నాకు చోటు దొరకలేదు.

మామ షట్టరు దించి, "గేటు మూసిన. మూసే ఉంచుత" అని పైకి చెప్పాడు. మా ఆయన పాకారు. నేను తాడు పట్టుకున్నాను. లోపల కొడవలి చప్పుడు. ఆగింది.

"గడ్డపార ఇవ్వనా?" ఒకటే అడిగాను. ఆగాను.

జవాబు లేదు. ఏమైంది? గాలి ఆడటం లేదా? తాడు లాగబోయాను. అప్పుడు నిదానంగా వచ్చింది. "గడ్డపార నీ దగ్గరే ఉంచు. కొడవలికే తెగుతోంది." ఇంతసేపూ ఆయన వాక్యం పేర్చుకుంటున్నారు. తిట్టాలో మెచ్చుకోవాలో తెలియలేదు.

అంతలో అవతలి గట్టు మీద మోటారు సైకిల్ ఆగిన చప్పుడు. ఇంకో గొంతు, కోపంగా, కన్నడంలో. "నీరు బిడ్రీ కాకా, బిడ్రీ! నమ్మ గద్ది ఒణగాకత్తద." మా చేను దాటాక నీళ్లు పారే కింది పొలం వాడు. చేను ఎండిపోతోంది, నీళ్లు వదలండి అంటున్నాడు. మామ ఏదో అన్నాడు. ఇనుము కిర్రుమంది. అది హ్యాండిల్ చప్పుడే, నాకు నిద్రలో కూడా తెలుస్తుంది. ఆ తర్వాత మామ గొంతే, గట్టిగా:

"బిడు! బిడంతీని, బిడు!"

అదే సమయానికి రోడ్డు మీద వడ్ల బస్తాల ట్రాక్టరు వచ్చింది. ఆ పైన నాకేమీ వినిపించలేదు. మామే అన్నాడు, బిడు అన్నాడు, వదలమంటున్నానన్నాడు. ఏడాది పాటు నేర్చుకున్నదంతా ఒక్క కన్నడం మాటలో కొట్టుకుపోయిందనుకున్నాను. తాడు లాగాను. తాడు బిగుసుకుంది, రాలేదు. మెలితిరిగి దేనికో తగులుకుంది. నా పాదాల దగ్గర తూము నోటినే చూస్తున్నాను, నీళ్లు వస్తాయని. నాకు నోట మాట రాలేదు. జీవితంలో మొదటిసారి, నా నోట మాట రాలేదు.

ట్రాక్టరు దాటిపోయింది. తూములోంచి మా ఆయన గొంతు వచ్చింది. అంత పెద్ద గొంతు ఆయనకు ఉందని నాకు తెలియదు. "మామా! నేను లోపలున్నాను! గేటు మూసే ఉంచు!"

తర్వాత అవతలి నుంచి, ఒక్కొక్క మాటా విడివిడిగా. "నువ్వు లోపలున్నవ్. గేటు మూసే ఉన్నది. హ్యాండిల్ మీద వాని చెయ్యుండె, ఇడిపిచ్చిన. ఇప్పుడు ఎవ్వరి చెయ్యి లేదు."

మామ బిడు అన్నది నీళ్ల గురించి కాదు. హ్యాండిల్ పట్టుకున్న ఆ మనిషి చేతి గురించి.

లోపల ఆయన తాడు సర్దుకుని వెనక్కి పాకడం మొదలుపెట్టారు. కాళ్లు వచ్చాయి, నడుము వచ్చింది, తల వచ్చింది. లేచి నిలబడి మొహం మీది ఒండ్రు తుడుచుకున్నారు. రోడ్డెక్కి మామకు మొహం చూపించాలి కాబట్టి కదలబోయారు. కదలలేకపోయారు, తాడు నా చేతిలోనే ఉంది. ఆయన ఎదురుగా ఉన్నారని నా కళ్లకు తెలుస్తోంది, నా చేతులకు తెలియడం లేదు.

ఆయన నా చేతుల వైపు చూశారు. కాసేపు ఆగారు. వాక్యం పేర్చుకుంటున్నారని నాకు తెలుసు, ఎదురు చూశాను.

"తాడు వదిలెయ్," అన్నారు. "నేను బయటికి వచ్చేశాను."

మా పద్ధతి ప్రకారం విన్నవాళ్లు తిరిగి చెప్పాలి. నేనూ చెప్పాను.

"తాడు వదిలెయ్యాలి. మీరు బయటికి వచ్చేశారు."

అప్పుడు నా వేళ్లు విడివడ్డాయి.